తోకతో సహా నా పేరు

ఫోను మోగితే భయపడే ఇల్లు మాది. దయ్యాలకు భయపడను, గ్రహణాలకు భయపడను, పిల్లి ఎదురొస్తే పిల్లిని చూసి ముచ్చటపడతాను. ఇవన్నీ వేదికలెక్కి అరిచి చెప్పినవాణ్ణే. కానీ తెలియని నంబరు నుంచి ఫోను వస్తే మాత్రం నా గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకుంటుంది.

నా వ్యాసాల కింద నా ఫోను నంబరు ఉంటుంది. వాదించదలచుకున్నవాళ్లు వాదించాలి కదా అని నేనే వేయిస్తాను. వాదించేవాళ్లు తక్కువ, తిట్టేవాళ్లు ఎక్కువ. "నీ ఇల్లు మాకెరుకే" అని ఒక గొంతు చెప్పి పెట్టేస్తుంది. కాసేపటికి మళ్లీ మోగుతుంది. ఒళ్లు బిగబట్టుకుని ఎత్తితే, శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లున్నాయి కొంటారా అని ఒక అమ్మాయి తియ్యగా అడుగుతుంది. బెదిరింపుకూ బేరానికీ మధ్య నా రోజులు ఇలా గడిచేవి. మా పక్క వాటాలో ఉండే పెద్దాయన బ్యాంకు నుంచే ఫోనని నమ్మి ఎవడికో నంబర్లన్నీ చదివి చెప్పాడు. అప్పటినుంచి ఆయన ఫోను మోగితే భార్య చేతికిచ్చి బయటికి వెళ్లిపోతాడు.

అందుకే, ఫోను చేసేవాడు సిమ్ తీసుకున్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఏ పేరుందో ఆ పేరే ఇక తెరమీద కనబడుతుందని తెలిసినప్పుడు నాకు మహా సంతోషమైంది. ఒక చిన్న మాసపత్రికలో వ్యాసం కూడా రాశాను. ముసుగేసుకుని తలుపు కొట్టేవాడికి తలుపు తీయాల్సిన బాధ్యత ఎవరికీ లేదని రాశాను. ఇప్పటికీ అదే అంటాను. నా ఫోనులో ఒక్కొక్క పేరే కనబడడం మొదలైనప్పుడు, ప్రతి పేరునూ మా ఆవిడకు చూపించి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. నాకు వాళ్ల పేరు కనబడినట్టే వాళ్లకు నా పేరూ కనబడుతుందన్న చిన్న విషయం మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక అమ్మాయి ఉండేది. బ్యాంకు పరీక్షల కోచింగు కోసమని ఒక పల్లె నుంచి అబిడ్స్‌కు వచ్చి హాస్టల్లో చేరిన పిల్ల. తన ఊరివాడే, ఇక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసే అబ్బాయిని పెళ్లి చేసుకోవాలనుకుంది. అమ్మాయిది ఊళ్లో పెద్ద కులం. అబ్బాయి తండ్రి ఇప్పటికీ ఆ ఇంటి గడప దాటి లోపలికి రాడు, వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్తాడు. ఇంట్లో వేరే సంబంధం చూశారని తెలియగానే ఆమె హాస్టలు వదిలి మా దగ్గరికి వచ్చింది. ఇలా వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. మంత్రాలూ కట్నాలూ లేని పెళ్లిళ్లు చేయించడం మా హేతువాద సంఘం పని. మా ఆవిడా నేనూ అలా దండలు మార్చుకున్నవాళ్లమే.

కులం దాటి పెళ్లి చేసుకునేవాళ్లు ధైర్యంగా వెళ్లి సంతకం పెట్టి రావచ్చని చాలామంది అనుకుంటారు. ముందు నోటీసు ఇవ్వాలి. దాన్ని నెల రోజులపాటు నాంపల్లిలోని రిజిస్ట్రారు కార్యాలయంలో గోడమీద అంటిస్తారు. ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ నెలంతా అమ్మాయి కిటికీ దగ్గరికి కూడా రాలేదు. అబ్బాయి వేరేచోట ఉన్నాడు. ఎవరితో వెళ్లిందో ఇంట్లోవాళ్లకు తెలియదు, తెలియనంతవరకే వాళ్లిద్దరూ క్షేమం.

ఒక్క తల్లితో మాత్రం వారానికోసారి మాట్లాడేది, నా ఫోనులోంచి. దానికి తల్లీకూతుళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. చుట్టూ మగవాళ్లుంటే తల్లి, "నాకు లోనద్దు గీనద్దు, ఉత్తగ జేయకున్రి" అని కసిరి పెట్టేయాలి. ఒంటరిగా ఉంటే, "చెప్పు బిడ్డా" అనాలి. దేశమంతా తిట్టుకునే ఆ దొంగ ఫోన్ల గుంపులో ఒక కూతురి ఫోను కలిసిపోయి భద్రంగా చేరేది. నా నంబరు ఆ ఇంట్లో లోనువాళ్ల నంబరుగా స్థిరపడిపోయింది.

నోటీసు గడువు ముగిసింది. సోమవారం పొద్దున సంతకాలకు రమ్మన్నారు. ఆదివారం మధ్యాహ్నం, పెళ్లికి ముందు ఒక్కసారి తల్లి గొంతు వింటానని అమ్మాయి అడిగింది. ఫోనిచ్చాను. మేం ముగ్గురం బల్ల చుట్టూ ఉన్నాం. మాటలు నాకూ వినబడుతున్నాయి.

"చెప్పు బిడ్డా, తిన్నవా?"

"తిన్ననే. నువ్వు?"

"నువ్వెవలింట్ల ఉన్నవే? ఫోన్ల పేరొస్తున్నది."

అమ్మాయి నావైపు చూసింది. "ఏం పేరే?"

"మనోళ్ల పేరే. తమ్ముడు నాకు కొత్త ఫోన్ కొనిచ్చిండు గదా, దాంట్ల పేర్లొస్తున్నయి." అంటూ తల్లి నా పేరు కూడబలుక్కుంటూ చదివింది. ఇంటిపేరు, నా పేరు, చివర కులం.

ఇరవయ్యేళ్ల వయసులో, నిండు సభలో, మా నాన్న ముందు వరుసలో కూర్చుని ఉండగా, ఆ తోకను నా పేరునుంచి తెంచేశాను. అప్పటినుంచి పుస్తకాల మీద, పత్రికల్లో, మా గుమ్మం మీద నా పేరు మొండిగానే ఉంది. కానీ చదువు సర్టిఫికెట్ల మీదున్న పేరు ఉద్యోగంలోకి, ఉద్యోగంలోది గుర్తింపు కార్డులోకి, అందులోది సిమ్ములోకి నడిచొచ్చింది. అక్కడ దాన్ని తెంచాలని నాకెప్పుడూ అవసరం రాలేదు. మేం సభల్లో తోకలు తెంచుకున్నవాళ్లమే గాని, ఆఫీసుల్లో వరుసలో నిలబడి తెంచుకున్నవాళ్లం కాదు.

అవతల ఒక మగగొంతు దగ్గరికొచ్చింది. "ఎవలే?"

"గా లోనోళ్లే."

"లోనోళ్లకు గసుంటి పేరుంటదా? ఇటియ్యి."

అమ్మాయి చప్పున పెట్టేసింది. పెట్టేశాక కూడా ఫోనును బల్లమీద రెండు చేతులతో అదిమి పట్టుకుంది, అది లేచి పారిపోతుందేమో అన్నట్టు.

అది మోగింది. తెరమీద ఆమె తండ్రి పేరు, అదే తోకతో. ఒకే తోక ఉన్న రెండు పేర్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది.

"ఎత్తు," అంది మా ఆవిడ. "ఎత్తకుంటే ఇంకింత అనుమానమొస్తది."

ఎత్తాను. తిట్లకు సిద్ధపడ్డాను. తిట్లు నాకు అలవాటే. కానీ ఆ గొంతు మెత్తగా ఉంది.

"నమస్తే అన్నా. నా బిడ్డ మీ కాడనే ఉన్నదని సమజైంది. మీరెందుకు దాస్తున్నరో గది గూడ సమజైంది. పోరగాళ్లు తొందరవడ్డరు, గంతే గదా?"

పక్కవాళ్లకూ వినబడేలా నేను స్పీకరు నొక్కాను.

"నెల సంది నాకు ముద్ద దిగుతలేదన్నా. ఎవనెంబడి వోయిందో, ఏ వాడకట్టు పోరడో అని సచ్చిపోతున్న. ఇయ్యాల మీ పేరు జూసినంక పానం లేసొచ్చింది. మీ ఇంటిపేరోళ్లకు మాకు వియ్యం కుదురుతది. మీ కొడుకే గదన్నా?"

నాకు కొడుకు లేడు. ఒక్క మాట. లేడు అని ఒక్క మాట అంటే చాలు. మా ఆవిడ నా ఎదురుగా నిలబడి తల గట్టిగా ఊపుతోంది, ఔనను, ఔనను అని. అమ్మాయి రెండు చేతులూ జోడించింది.

"ఏమన్నా, మాట్లాడవు?"

వెనకనుంచి ఒక కుర్ర గొంతు వినబడింది. "మనోడైతే బతికిపాయె. కాకుంటే ఇద్దర్ని గాడనే..."

"నోర్మూయ్ రా," అన్నాడు తండ్రి, కొడుకుతో. కసిరినట్టు లేదు. ముందే అనుకున్న మాటను పరాయివాళ్ల ముందు అనవద్దని చెప్పినట్టుంది.

"ఎల్లుండి రండి," అన్నాను నేను. "కూర్చుని మాట్లాడుకుందాం."

"ఎల్లుండి దాక ఎందుకన్నా? రేపు పొద్దుగాలనే బయలెల్తం. ఇల్లు గన్‌ఫౌండ్రీ దిక్కా, నారాయణగూడ దిక్కా?"

"వచ్చాక ఫోను చేయండి."

"ఫికర్ లేదు. మన సంఘపోళ్లను అడిగితె ఎవరిల్లు ఏడున్నదో అంత చెప్తరు."

వాళ్ల కులసంఘానికి నగరంలో భవనముంది, హాస్టలుంది, ఎవరు ఎవరి అల్లుడో చెప్పగల పెద్దలున్నారు. ఆ భవనం మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు. కానీ మా అన్నయ్య బతికున్నంతకాలం ఎక్కాడు. నా ఇల్లు వాళ్లకు దొరకడానికి ఒక్క పూట చాలు.

"ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను," అన్నాను లేచి. "కులం పేరు చెప్పుకుని దాక్కోవడం నావల్ల కాదు. నా జీవితమంతా..."

"నీ జీవితం సంగతి ఎవలడిగిన్రయ్యా?" అంది మా ఆవిడ. "ఇన్నేండ్లు వాదించినవ్, ఒక్కరోజు నోరు మూసుకుంటె నీ సొమ్మేం పోతది? గా పిల్ల మెడ మీద కత్తి వెట్టుకొని నువ్వు సత్యం జెప్తవా?"

"సార్," అంది అమ్మాయి. "జెప్పకున్రి సార్. రేపటిదాంక. తర్వాత నేనే జెప్త."

చెప్పులేసుకుని బయటికి నడిచాను. ఆదివారం కాబట్టి అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. మామూలుగా అక్కడ నాకు గంటలు తెలియవు. ఆవేళ ఒక్క అట్ట మీది అక్షరాలూ కంటికి ఆనలేదు. నా వెనక ఆగిన ఏ ఒక్కడూ పుస్తకం కోసం ఆగినవాడిలా కనబడలేదు. ఫోను కంపెనీవాళ్ల దుకాణం తెరిచి ఉంటే లోపలికి వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయిని, నా పేరులో చివరి మాట తీసేయడానికి వీలవుతుందా అని అడిగాను.

"మీ ఆధార్‌ల ఏముంటె అదే వస్తది సార్. ముందుగాల గది మార్పియ్యాలె."

"పేరే కనబడకుండా చేయవచ్చా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకు సార్? మంచోళ్లకు దాసుకునుడెందుకు?"

నా వ్యాసంలో ఉన్న వాదమే అది. ముసుగు దొంగకూ కావాలి, దొంగనుంచి పారిపోయేదానికీ కావాలి. ఈ రెండో మాట వ్యాసం రాసేటప్పుడు నాకు తోచలేదు. తోచినా, అప్పుడు దాన్ని చిన్న మినహాయింపు అని రాసి ఉండేవాణ్ణి. ఇప్పుడు ఆ మినహాయింపు మా ఇంట్లో బట్టలు సర్దుకుంటోంది.

సోమవారం పొద్దున ఆటోలో నాంపల్లికి వెళ్లాం, అబ్బాయి నేరుగా అక్కడికే వచ్చి కలిశాడు. అక్కడి మైదానంలో ఎగ్జిబిషన్ రోజులు కావడంతో, సామాను దించేవాళ్లతో పొద్దున్నే రోడ్డు నిండా జనం. జనం ఉంటే భయం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. ఎవరు ఎవరో తెలియని గుంపులో ఒక్కడు చాలు. కార్యాలయంలో గుమాస్తా నెమ్మదిగా కాగితాలు తిరగేస్తున్నంతసేపూ నా జేబులో ఫోను వణుకుతూనే ఉంది. తీసి చూస్తే తండ్రి పేరు, లేదంటే నేనెరుగని మరో పేరు. చివర మాత్రం అదే తోక. కులసంఘంవాళ్లన్నమాట.

అమ్మాయి, అబ్బాయి సంతకాలు పెట్టారు. తర్వాత సాక్షిగా నా వంతు వచ్చింది. గుమాస్తా నా గుర్తింపు కార్డు చూసి, పేరు పూర్తిగా రాయమన్నాడు. రాశాను. ఆ తోకను అలా నా చేతితో రాసి ఎన్నాళ్లయిందో.

వాళ్లను అటునుంచి అటే రైలెక్కించాల్సింది. అమ్మాయి బట్టలూ సర్టిఫికెట్లూ మా ఇంట్లో ఉన్నాయని వాళ్లిద్దరితో వెనక్కి వచ్చాం. అదే మేం చేసిన తప్పు. సంచి చేతిలోకి తీసుకుందో లేదో, కింద సందులో కారు ఆగిన చప్పుడు వినబడింది.

బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనకనుంచి చూశాను. ముగ్గురు కుర్రాళ్లు దిగారు. వెనక సీట్లో తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో రంగు కాగితం చుట్టిన పండ్ల బుట్ట ఉంది. వియ్యంకుడి ఇంటికి వచ్చే మనిషి ఎలా వస్తాడో అలాగే వచ్చాడు ఆయన. మేడమీదికి వచ్చి ఆ అబ్బాయి ముఖం చూసిన మరుక్షణం ఆ బుట్ట పట్టుకున్న చేతులు ఏం చేస్తాయి?

మా మెట్ల కింద బండి పెట్టుకుని ఒకామె బట్టలు ఇస్త్రీ చేస్తుంది. నా చొక్కాల కాలర్లు మాసిపోయాయని నన్ను రోజూ తిట్టే హక్కున్న మనిషి.

"ఏమ్మా," అన్నాడు అమ్మాయి తమ్ముడు. ఆ గొంతు నిన్న ఫోనులో విన్నదే. ఇంటిపేరుతో, తోకతో, నా పూర్తి పేరు గట్టిగా పలికి, "ఏ ఇల్లు?" అన్నాడు.

ఆ పేరును అలా ఎవరైనా వీధిలో పిలవగా వినడం మా నాన్న పోయాక అదే మొదటిసారి. చిన్నప్పటి అలవాటు ఎక్కడ దాక్కుని ఉంటుందో తెలియదు, పలకడానికి నోరు తెరుచుకుంది. మా ఆవిడ వెనకనుంచి నా భుజం పట్టుకుని లోపలికి లాగింది.

"గసుంటి దొరలు గీడెవ్వరు లేరు కొడుకా," అంది ఇస్త్రీ ఆమె. "గీడ అందరు కిరాయోళ్లే."

"మంచిగ జూడు. మీద ఎవరుంటరు?"

"మీద సదువుకున్న సారుంటడు. ఆయన దొరేడికెల్లి అయితడు? అతుకులేసిన లుంగీ గట్టుకుంటడు. మీదికెక్కి నా బట్టలు తొక్కకున్రి, పోన్రి. పక్క గల్లీల అడుగున్రి."

కారు కదిలింది. పక్క సందువైపు తిరిగింది. అమ్మాయి, అబ్బాయి వెనక మెట్ల మీదుగా దిగి, ఇంటి వెనకనున్న బ్యాంకు ఆవరణలోంచి రోడ్డెక్కి ఆటో పట్టుకున్నారు. ఎక్కడికి వెళ్లారో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

వాళ్లు చేరారని కబురందాక, సాయంత్రం, తండ్రి పేరు మళ్లీ తెరమీదికి వచ్చింది. ఎత్తాను. అమ్మాయి మాట తీసుకునే చెప్పాను.

"మీ అమ్మాయికి పెళ్లయింది, చట్టప్రకారం. పెళ్లికొడుకు నా కొడుకు కాదు. నాకు కొడుకే లేడు." అబ్బాయి ఎవరో చెప్పలేదు.

ఆయన, నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టు, "నువ్వు మనోడివి కాదా అన్నా?" అన్నాడు.

"కాను."

ఆయన పెట్టేసిన వెంటనే అదే తోకతో మరో పేరు తెరమీదికి వచ్చింది. "నా పేరు నీ ఫోన్ల పడ్డది గదా?" అన్నాడు కొడుకు. "మంచిగ సదువుకో. నేనేం దాసుకోను. నీ పేరు మా కాడున్నది, ఇల్లు గూడ దొరుకుతది."

పోలీసు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాం. తీసుకున్నారు. బెదిరించినవాడి పేరు ఉంది కాబట్టి పని తేలికన్నారు. నిజమే. కానీ పేరు కనబడుతుందని తెలిసి కూడా తగ్గనివాడు, పేరు దాచుకునేవాడి కన్నా నన్ను ఎక్కువ భయపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగాను. వాళ్లు మళ్లీ వస్తారు, మళ్లీ ఈమెనే అడుగుతారు. ఏమీ తెలియకుండా ఆమెను వాళ్ల ముందు నిలబెట్టడం న్యాయం కాదు. ఆమె చిన్న పీటమీద కూర్చుని టీ తాగుతోంది. నిన్న జరిగిందంతా చెప్పాను. చివర, "నిన్న వాళ్లు అడిగిన పేరు నాదే," అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది. ఇన్నేళ్లలో నన్ను చూసి ఆమె ఒక్కసారి కూడా లేవలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, ఇస్త్రీ బండిని కాస్త పక్కకు జరిపింది, నాకు దారి ఇస్తున్నట్టు.

"కూర్చోమ్మా," అన్నాను. "నేను ఆ మనిషిని కాదు. అది కాగితం మీది పేరు."

ఆమె కూర్చోలేదు. నా లుంగీ వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూసింది.

"మల్లొస్తె ఏం జెప్పాలె?" అంది.

"లేడని చెప్పు."

"నిన్న నాకెరుక లేక జెప్పిన. ఇయ్యాల ఎర్కైనంక ఎట్ల జెప్పాలె సార్?"

సందు మొదట్లో ఏదో కారు మలుపు తిరిగింది. ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం.